క్రూయిజ్ నౌకలో మధ్యాహ్నపు టీ: ఎప్పుడు వెళ్లాలి, ఏమి అడగాలి, ఎలా తినాలి

పిల్లలు ఇంగ్లండులోనో అమెరికాలోనో స్థిరపడిన తిరుపతి, చిత్తూరు కుటుంబాల పెద్దలు నౌకా ప్రయాణానికి బయలుదేరే ముందు నన్ను తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. అక్కడ మధ్యాహ్నం ఇచ్చే టీ మన టీలాగే ఉంటుందా అన్నది మొదటిది. ఆ పళ్లెంలో మనం తినగలిగేది ఏమైనా ఉంటుందా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు ఉండదనే చెప్పాలి. రెండవ ప్రశ్నకు జవాబు ఉంటుందనే, అయితే పళ్లెం మీ ముందుకు వచ్చాక కాకుండా, టికెట్ తీసుకునేటప్పుడే అడిగి ఉండాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ అడగడం గురించే.

ఆంగ్లేయుల మధ్యాహ్నపు టీ అంటే టీ ఒక్కటే కాదు. చిన్న శాండ్‌విచ్‌లు, స్కోన్ అనే రొట్టెలు, జామ్, మీగడ, కేకులు వరుసగా వచ్చే తేలికపాటి ఫలహారం అది. మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య ఆకలి తీర్చుకోవడానికి 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా దీనిని అలవాటు చేశారని చెబుతారు. మన ఊళ్లలో సమావేశాల ఆహ్వానపత్రాల మీద వేసే ‘హై టీ’ దీనికి మరోపేరు కాదు. ఆ మాటకు ఇంగ్లండులో అసలు అర్థం, పని ముగించుకొని వచ్చిన శ్రామికులు సాయంత్రం మాంసంతో సహా తినే భోజనం. నౌకలో ఎవరైనా ‘ఆఫ్టర్‌నూన్ టీ’ అంటే మొదటిది అని గ్రహించండి. ‘క్రీమ్ టీ’ అని రాసి ఉంటే టీ, స్కోన్, జామ్, మీగడ మాత్రమే వస్తాయి, శాండ్‌విచ్‌లు రావు.

ఈ సేవకు పేరుపడినవి బ్రిటిష్ సంప్రదాయం గల నౌకలు. క్యునార్డ్ అనే నౌకా సంస్థ వారి క్వీన్ మేరీ 2 నౌకలో క్వీన్స్ రూమ్ అనే నాట్యశాలలో సంగీతం వినిపిస్తుండగా, తెల్లని చేతిదొడుగులు వేసుకున్న వెయిటర్లు టీ వడ్డిస్తారు. మిగిలిన నౌకలలో ఆడంబరం ఎక్కువ తక్కువలుగా ఉన్నా, కింద చెప్పిన క్రమం చాలావరకు వర్తిస్తుంది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- మీరు తినని పదార్థాల పట్టిక, ఆంగ్లంలో, ఒక చిన్న కార్డు మీద రాసి లేదా ముద్రించి.
- వందగ్రాముల ఆకు టీ పొడి. ఇది ఇంట్లో అభ్యాసం కోసం. నౌకలోకి అవసరం లేదు.
- శొంఠి పొడి లేదా అల్లం టీ మిశ్రమం, అంగడిలో మూసి అమ్మిన ప్యాకెట్టుగా.
- పలుచని శాలువా. ఆ హాళ్లలో ఏసీ బాగా చల్లగా ఉంటుంది.
- రోజూ వేసుకునే మాత్రల వేళలు రాసిన కాగితం.

కరెంటు కెటిల్, చిన్న రైస్ కుక్కర్ పెట్టెలో పెట్టుకోవద్దు. వేడి పుట్టించే పరికరాలను అగ్నిప్రమాద భయంతో చాలా నౌకలు అనుమతించవు. తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో వండిన మురుకులు, నిప్పట్లు, పులిహోర కూడా చాలా నౌకలు ఒప్పుకోవు.

1. ఇంటి దగ్గరే ఒక వారం అభ్యాసం చేయండి

దీనిని చాలామంది నవ్వి వదిలేస్తారు. పాలు, నీళ్లు, పొడి, పంచదార కలిపి పొంగించి, అల్లమో యాలకులో దంచి వేసిన టీకి అలవాటుపడిన నాలుకకు, వేడినీళ్లలో ఆకు నానబెట్టిన టీ మొదటి రోజు కషాయంలాగానే తోస్తుంది. ఆ మొదటి రోజు నౌకలో రాకుండా తిరుపతిలోనే వచ్చి పోవడం మంచిది.

డస్ట్ టీ కాకుండా ఆకు టీ కొనండి. డస్ట్ నిమిషంలోనే చిక్కబడిపోతుంది కనుక నానబెట్టడానికి అనుకూలం కాదు. కప్పుకు ఒక టీస్పూను ఆకు వేసి, తెర్లుతున్న నీళ్లు పోసి, మూతపెట్టి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి వడకట్టండి. పాలు విడిగా కాచి చివర చేర్చండి.

సరిగ్గా వచ్చిందో లేదో నాలుకే చెబుతుంది. గుటక వేశాక నోరు ఆరిపోయి ఒగరెక్కితే ఎక్కువసేపు నానిందని అర్థం. మరుసటి రోజు ఒక నిమిషం తగ్గించండి. పాలు పోయగానే బూడిదరంగుకు తిరిగి నీళ్లనీళ్లగా ఉంటే తక్కువసేపు నానింది. మీకు నచ్చిన నిమిషాల లెక్క గుర్తుపెట్టుకోండి. నౌకలో టీపాట్ మీ బల్ల మీదే పెడితే ఆ లెక్క నేరుగా పనికి వస్తుంది.

2. టికెట్ తీసుకునేటప్పుడే ఆహార నియమం నమోదు చేయించండి

ఇక్కడ ఒక మాట దగ్గర చాలామంది బోల్తాపడతారు. మనకు శాకాహారం అంటే గుడ్డు కూడా ఉండకూడదు. నౌకల వంటశాలలో ‘వెజిటేరియన్’ అంటే మాంసం, చేప లేకపోవడం మాత్రమే. గుడ్డు, పాలు అందులో చేరే ఉంటాయి. అందువల్ల వెజిటేరియన్ అని ఒక్క మాట రాయించి ఊరుకుంటే, గుడ్డు వేసిన కేకు మీ ముందుకు రావడంలో వంటవారి తప్పేమీ లేదు.

‘వీగన్’ అన్న మాటకు గుడ్డు, పాలు, వెన్న, తేనె, జంతువుల నుంచి తీసే జెలటిన్ ఏవీ ఉండవని అర్థం. మీరు పాలు, నెయ్యి తినేవారే అయినా, టీ ఫలహారం మట్టుకు వీగన్ స్కోన్, వీగన్ కేకు ఇమ్మని కోరితే గుడ్డు సమస్య ఒక్క దెబ్బతో తీరిపోతుంది. వీగన్ స్కోన్ తెప్పించుకొని, దానిమీద మామూలు పాలమీగడ మీరే రాసుకోవచ్చు. నాకు తెలిసినంతలో ఇంతకంటే సులువైన ఉపాయం లేదు.

ఉల్లి, వెల్లుల్లి తిననివారు, జైన ఆహారం కావలసినవారు ఆ సంగతి విడిగా రాయించాలి. ఇటువంటి కోరికలకు నౌకా సంస్థలు ప్రయాణానికి వారాల ముందే గడువు పెడతాయి; ఎక్కిన తరువాత అడిగితే సరుకు ఉండకపోవచ్చు.

హెచ్చరిక: గుడ్డు తినరని చెప్పడానికి బదులు గుడ్డు అలర్జీ అని అబద్ధం చెప్పవద్దు. అలర్జీ అన్న మాటను వంటశాల ప్రాణం మీది విషయంగా తీసుకుంటుంది, అలా తీసుకోవాలి కూడా. ఆ తరువాత గుడ్డు పడిన బల్ల మీద చేసినదేదీ మీకు ఇవ్వరు. చివరకు మీ వంతుకు ఒక ఆపిల్ పండు మిగులుతుంది.

3. ఎక్కిన మొదటి రోజే హెడ్ వెయిటర్‌ను కలవండి

కార్యాలయంలో నమోదైన నియమం వంటశాల దాకా చేరిందో లేదో మీరే చూసుకోవాలి. మొదటి రాత్రి భోజనానికి వెళ్లినప్పుడు హెడ్ వెయిటర్‌ను పిలిపించి, కార్డు చూపించి, ‘టీ సమయంలో కూడా ఇదే నియమం’ అని ప్రత్యేకంగా చెప్పండి. రాత్రి భోజనం వారికీ టీ వడ్డించేవారికీ మధ్య మాట అందకపోవడం సాధారణం. కార్డు మీద ‘నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో జెలటిన్’ అని నాలుగు ముక్కలు ఉంటే చాలు. నౌకల సిబ్బందిలో మన దేశం వారు చాలామంది కనిపిస్తారు. చిత్తూరు జిల్లావారికి వచ్చిన నాలుగు తమిళం ముక్కలు కూడా ఒక్కోసారి అక్కరకు వస్తాయి.

టీ ప్రయాణ ఛార్జీలో కలిసినదా, విడిగా డబ్బు కట్టవలసినదా అన్నది కూడా అప్పుడే అడగండి. ఒకే నౌకలో రెండూ ఉండవచ్చు: భోజనశాలలో ఉచితంగా ఇచ్చేది ఒకటి, ప్రత్యేక రెస్టారెంట్‌లో రుసుముతో ఇచ్చేది మరొకటి. మొదటిసారి వెళ్లేవారికి ఉచితమైనదే సరిపోతుంది.

4. వేళను నౌక గడియారంతో సరిచూసుకోండి

టీ సాధారణంగా మధ్యాహ్నం 3:30 ప్రాంతంలో మొదలై గంటసేపు సాగుతుంది. కచ్చితమైన వేళ, చోటు ఏ రోజుకారోజు కార్యక్రమ పత్రంలో గానీ నౌక యాప్‌లో గానీ ఉంటాయి. సెల్‌ఫోన్ గడియారాన్ని మాత్రం నమ్మవద్దు. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు వెళ్లే నౌకలో ఐదు గంటల తేడాను దారిలో గంట చొప్పున సరిచేసుకుంటూ పోతారు. ఫోన్‌లో చూసుకొని వెళ్లినవారు ఖాళీ హాలులో కూర్చుంటారు, లేదా బల్లలు తీసేస్తుండగా చేరుకుంటారు.

రేవు తగలని రోజుల్లో, అంటే నౌక రోజంతా సముద్రంలోనే ఉండే రోజుల్లో, జనం ఎక్కువ. పావుగంట ముందు వెళితే మంచి చోటు దొరుకుతుంది. రేవులో ఆగిన రోజున చాలామంది ఊరు చూడటానికి దిగిపోతారు కనుక హాలు ప్రశాంతంగా ఉంటుంది. నడక ఓపిక లేని పెద్దలకు ఆ రోజే మేలు.

శనివారం ఒక్కపొద్దు ఉండేవారికి, పెరటాసి నెలలో నియమం పాటించేవారికి సముద్రం మీద వారం పేరు మరచిపోవడం పెద్ద చిక్కు. కొన్ని నౌకల్లో లిఫ్టు లోపలి తివాచీ మీద ఆనాటి వారం పేరు నేసి ఉంటుంది, దానిని రోజూ మారుస్తారు. ఎక్కేటప్పుడు ఒకసారి కిందికి చూడండి.

దుస్తుల విషయంలో భయపడవలసినది లేదు. చీర, పంచె, మామూలు ప్యాంటు చొక్కా ఏదైనా తగినదే. ఈత దుస్తులు, బనియన్ మాత్రం తగవు. కుర్చీలు లోతుగా, బల్లలు పొట్టిగా ఉంటాయి కనుక పట్టుచీర కట్టుకున్నవారు పమిట ఒళ్లోకి చేర్చుకొని కూర్చోవాలి.

కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు నౌక నడిమి భాగానికి దగ్గరగా ఉన్న కుర్చీ చూసుకోండి. ముందు, వెనుక కొసల కంటే అక్కడ ఊగు తక్కువ. హాలులోకి వెళ్లే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. నౌకల్లో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్‌కు చేతికి రాసుకునే శానిటైజర్ అంతగా లొంగదు, సబ్బు నీళ్లే నమ్మదగినవి.

5. టీ ఎంచుకోవడం

పాలతో తాగాలంటే అస్సాం అడగండి, లేదా ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ అనండి. మన నోటికి దగ్గరగా ఉండేవి ఈ రెండే. డార్జిలింగ్‌లో పాలు పోస్తే దాని సువాసన చచ్చిపోతుంది. ఎర్ల్ గ్రేలో బెర్గమాట్ అనే నారింజ జాతి పండు తొక్క నూనె పరిమళం ఉంటుంది. యాలకుల వాసన కోరుకొని తాగినవారికి అది సెంటు పోసినట్లు అనిపిస్తుంది. సాయంత్రం టీ తాగితే నిద్రపట్టని పెద్దలు చామంతి జాతి పూలతో చేసే కామమైల్ అడగవచ్చు, అందులో కెఫీన్ ఉండదు.

పాలు చల్లగా తెస్తారు. వాటిని పోయగానే టీ గోరువెచ్చనై, మనకు సగం ఉత్సాహం పోతుంది. ‘హాట్ మిల్క్’ అని కూర్చున్న వెంటనే చెప్పండి. టీ పోసేశాక చెబితే పాలు వచ్చేసరికి టీ చల్లారుతుంది. నిమ్మచెక్క కూడా బల్ల మీద ఉంటుంది. పాలు, నిమ్మ ఒకే కప్పులో కలిపితే పాలు విరిగిపోతాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఈ పని చేసి, ఆ కప్పును పూలకుండీ వెనుక దాచాను.

బల్ల పొట్టిగా ఉంటే సాసరును కూడా ఎడమచేత్తో ఎత్తి పట్టుకొని కప్పుతో తాగండి. చిటికెన వేలు పైకి చాచడం మర్యాద అని కొందరు అనుకుంటారు, అవసరం లేదు. సాసరులో పోసుకొని ఊదుకుంటూ తాగడం మన పెద్దలకు ఎంత హాయి అయినా, అక్కడ వద్దు.

6. పళ్లెం వచ్చినప్పుడు ఏమి చూడాలి

వెయిటర్ పెద్ద పళ్లెం పట్టుకొని వచ్చి, మీరు చూపినవి పట్టకారుతో తీసి మీ చిన్న పళ్లెంలో పెడతాడు. మీరు చేయి పెట్టి తీసుకోకూడదు. పెట్టించుకునే ముందే అడగాలి. పెట్టించుకున్నాక తిరిగి పళ్లెంలోకి వేయడానికి లేదు. కంటిని నమ్మితే మోసపోయేవి ఇవి.

పసుపు రంగు ముద్ద పెట్టిన శాండ్‌విచ్ చూసి బంగాళాదుంప కూర అనుకోవద్దు. అది చాలావరకు కారొనేషన్ చికెన్. రెండవ ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం జరిగిన 1953లో పుట్టిన వంటకం. మసాలా పొడి పడినందువల్ల మన కూర రంగే ఉంటుంది. పసుపుగా మెత్తగా ఉండే మరొకటి గుడ్డు, మయొనైజ్ కలిపినది. దోసకాయ శాండ్‌విచ్ సాధారణంగా వెన్నతోనో క్రీమ్ చీజ్‌తోనో చేస్తారు, కానీ మయొనైజ్ రాశారేమో అడగండి. అందులో గుడ్డు సొన ఉంటుంది.

స్కోన్ పక్కన చిన్న గిన్నెలో నిగనిగలాడే పసుపు జామ్ ఉంటే అది మామిడి కాదు, లెమన్ కర్డ్. పేరులో పెరుగు ధ్వనించినా పెరుగు కాదు. గుడ్లు, వెన్న, నిమ్మరసం కలిపి ఉడికించినది. మెరింగ్, మాకరోన్ అనే తేలికపాటి మిఠాయిలు గుడ్డు తెల్లసొనతోనే చేస్తారు. మూస్, పానకోటా వంటి వణికే తీపిపదార్థాల్లో జెలటిన్ వేస్తారు. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసినది. క్రిస్మస్ దినాల్లో వచ్చే మిన్స్ పైలలో జంతువుల కొవ్వు పడవచ్చు.

నమ్మకంగా అడగదగినది షార్ట్‌బ్రెడ్. మైదా, వెన్న, పంచదార, ఈ మూడే సంప్రదాయపు సరుకులు. మన ఊరి బేకరీ ఉస్మానియా బిస్కెట్టుకు చుట్టంలా ఉంటుంది. అయినా ఒక మాట అడిగి తీసుకోండి.

7. స్కోన్ తినే పద్ధతి

స్కోన్‌ను కత్తితో కోయకుండా చేతులతో అడ్డంగా రెండు చెక్కలుగా విడదీయండి. బాగా కాలిన స్కోన్ నడుమ దానంతట అదే విచ్చుకుంటుంది. పొడిపొడిగా రాలిపోతే నిన్నటిదని గుర్తు, వేడిది ఇమ్మని అడగవచ్చు. ఒక్కో చెక్క మీద జామ్, మీగడ రాసుకొని విడివిడిగా తినాలి, రెండూ కలిపి బర్గర్‌లా మూయకూడదు.

ఆ మీగడను క్లాటెడ్ క్రీమ్ అంటారు. సన్నని వేడి మీద గంటల తరబడి ఉంచి, చల్లార్చి, పైకి కట్టిన పొరను తీస్తారు. మన పాలగిన్నె మీగడకూ వెన్నకూ మధ్యస్థంగా ఉంటుంది, గుడ్డు పడదు. కొవ్వు సగానికి పైగా ఉంటుంది కనుక స్పూనుతో తినే పదార్థం కాదు. ముందు జామ్ రాసి పైన మీగడ వేయడం కార్న్‌వాల్ పద్ధతి, ముందు మీగడ వేసి పైన జామ్ వేయడం డెవన్ పద్ధతి. ఇంగ్లండులోని ఆ రెండు ప్రాంతాలవారు దీనిమీద ఇప్పటికీ వాదించుకుంటారు. మీకు ఏది సులువైతే అది చేయండి; గట్టి మీగడ మీద జామ్ జారుతుంది కనుక నేను కార్న్‌వాల్ పక్షం.

8. ఎక్కడ ఆపాలి

వెయిటర్లు రెండోసారి, మూడోసారి కూడా తిరుగుతారు. శాండ్‌విచ్‌లు రెండు, స్కోన్ ఒకటి, తీపి ఒకటి అన్నది పెద్దలకు చక్కని హద్దు. సాయంత్రం ఆరు గంటల పంక్తిలో భోజనం చేసేవారు ఫలహారం మాని, కప్పు టీతో సరిపెట్టుకోవడమే మంచిది. షుగర్ ఉన్నవారు స్కోన్, జామ్, కేకు మూడింటిలో ఒకదానిని మాత్రమే ఎంచుకోండి. ఐరన్ మాత్ర వేసుకునేవారు దానికీ టీకీ కనీసం గంట ఎడం పెట్టండి; టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

మిగిలినది జేబురుమాలులో కట్టుకొని మరుసటి రోజు రేవులో దిగవద్దు. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ఒక పండు, ఒక శాండ్‌విచ్ దొరికినా జరిమానా పడే అవకాశం ఉంది.

టీ నచ్చకపోతే

మూడు దారులు ఉన్నాయి. మొదటిది, అస్సాం టీని ఐదు నిమిషాలు నాననిచ్చి, వేడిపాలు సగానికి సగం పోసి, పంచదార కాస్త ఎక్కువ వేసుకోవడం. రెండవది, గదిలో చేసుకోవడం: బ్రిటిష్ నౌకల గదుల్లో చాలావరకు కెటిల్, టీ సంచులు వాళ్లే పెడతారు; మీ శొంఠి పొడి అక్కడ పనికి వస్తుంది. మూడవది, బఫే హాలుకు వెళ్లడం. టీ వేళకు అక్కడ కూడా ఫలహారాలు పెడతారు, కుర్చీకోసం చూడనవసరం లేదు, పంచె మడిచి కట్టుకున్నా అడిగేవారు ఉండరు. సంగీతం, తెల్లని దొడుగులు మాత్రం ఉండవు.

సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడం

మొదటి రోజు లేచి వచ్చేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి. మీరు అడగకుండానే వెయిటర్ మీ పళ్లెంలోకి గుడ్డులేని వాటినే చూపించి ఉంటే, మీ నియమం వంటశాలకు చేరిందని అర్థం. చూపించకపోతే ఆ రాత్రే హెడ్ వెయిటర్‌ను మళ్లీ కలవండి, రెండో రోజు దాకా ఆగవద్దు. రెండవ కప్పు అడగాలనిపించిందంటే ఇంటి దగ్గరి అభ్యాసం ఫలించింది. రాత్రి భోజనం వేళకు ఆకలి వేయకపోతే రేపు ఒక స్కోన్ తగ్గించండి.

చివరిగా, గదికి వెళ్లాక మీ ఖాతా లెక్క తెరిచి చూడండి. ఉచితమని చెప్పిన టీకి ఏదైనా మొత్తం పడి ఉంటే, ప్రత్యేకమైన టీ ఆకుకో, పక్కన పోసిన ద్రాక్షసారాయికో వేసి ఉండవచ్చు. దానిమీద సర్వీస్ ఛార్జీ కూడా కలుస్తుంది. దిగే రోజు ఉదయం రిసెప్షన్ ముందు పొడవైన వరుస ఉంటుంది కనుక, ఆ సాయంత్రమే వెళ్లి అడగండి.